వణికే టైరులో పూసలు పోసే ముందు

ఎండలు ముదిరాయంటే హైవేల మీద టైర్లు పేలి కార్లు పల్టీ కొట్టిన వార్తలు మొదలవుతాయి. సరిగ్గా అప్పుడే, స్టీరింగ్ వణుకు పోవాలంటే టైరు లోపల బ్యాలెన్సింగ్ పూసలు పోసుకోమనే వీడియోలూ ఫోన్లలో తిరుగుతుంటాయి. పూసలు పనిచేస్తాయి, కాదనడం లేదు. జాకీ వేయడం, నట్లు విప్పడం మీకు వచ్చనుకుని మిగతాది చెబుతున్నాం.

వణుకు ఎందుకో చూడకుండా పోయొద్దు

కొంపలు ముంచే తప్పు ఇదొక్కటే. బ్యాలెన్స్ తేడా (చక్రంలో ఒకవైపు బరువు ఎక్కువవడం) వల్ల వచ్చే వణుకు సాధారణంగా 80 కి.మీ. వేగం దగ్గర మొదలై, వేగంతో పాటు పెరుగుతుంది. 16 అంగుళాల రిమ్ము అంచున 30 గ్రాముల తేడా ఉంటే, 100 కి.మీ. వేగంలో దాదాపు ఐదు కిలోల బలంతో చక్రాన్ని ఊపుతుంది. ఆ తేడాను పూసలు సర్దగలవు.

30, 40 వేగంలోనే బండి ఎగురుతున్నట్టుంటే, లేదా నిన్నటిదాకా లేని వణుకు ఇవాళ వచ్చిందంటే అది బ్యాలెన్స్ గొడవ కాకపోవచ్చు. టైరులో స్టీల్ బెల్టు (లోపలి ఉక్కు తీగల పొర) ఊడుతుండవచ్చు, పక్క గోడ ఉబ్బి ఉండవచ్చు, రిమ్ము వంగి ఉండవచ్చు, నట్లు వదులై ఉండవచ్చు. వీటిలో దేన్నీ పూసలు బాగుచేయవు. పోసినవాళ్లేమో "ఇంకా సర్దుకోలేదులే, నాలుగు రోజులు తిరిగితే సరిపోతుంది" అనుకుంటూ అదే టైరు మీద హైవే ఎక్కుతారు. పూసలు బండి ఆగినప్పుడల్లా అడుగుకు జారతాయి, వేగం అందుకున్నప్పుడల్లా మళ్లీ పరుచుకుంటాయి. వాటికి నాలుగు రోజుల గడువు అక్కర్లేదు.

చక్రం లేపి, ట్రెడ్‌కు, అంటే రోడ్డుకు ఆనే భాగానికి, దగ్గరగా ఒక కర్ర కదలకుండా పెట్టి, చేత్తో నెమ్మదిగా తిప్పండి. కర్రకూ టైరుకూ మధ్య సందు మారుతుంటే అనుమానించండి. లోపలి వైపు గోడ చూడటం చాలామంది మరిచిపోతారు. తడిమేటప్పుడు చేతికి మందపాటి గుడ్డ చుట్టుకోండి, తేలిన తీగలు కోస్తాయి. పక్క గోడ మీద ఉన్న నాలుగంకెల తయారీ తేదీ కూడా చదవండి: 2319 అంటే 2019లో 23వ వారం.

ఏం పోయాలి, ఎలా పోయాలి

టైర్ల కోసమే చేసిన సిరామిక్ లేదా గాజు పూసలు మాత్రమే. ఇసుక లోపలి పొరను అరగదీస్తుంది, ఇనప గుళ్లు తుప్పు పట్టి ముద్దకడతాయి. బొమ్మ తుపాకుల 6 మి.మీ. ప్లాస్టిక్ గుళ్లు వాల్వ్‌లో దూరవు, టైరు విప్పాల్సిందే. మోటార్‌సైకిల్ ముందు టైరుకు సుమారు 28 గ్రాములు, వెనక్కి 56 వాడతారు. కారుకైతే ప్యాకెట్ మీద సైజు పట్టిక చూడాలి, కంటి అంచనా పనికిరాదు.

తేమ పూసలకు శత్రువు. పంచర్ షాపులో రిమ్ముకు సబ్బునీళ్లు పూసి టైరు ఎక్కించి ఉంటే పూర్తిగా ఆరాకే పోయాలి. కంప్రెసర్ ట్యాంకులో నీళ్లు ముందు వదిలేయాలి. తడి తగిలిందా, పూసలు ఒకచోట ఉండకట్టి కొత్త వణుకు తెచ్చిపెడతాయి.

ఇక వరసగా:

చక్రం నేలకు ఆనకుండా లేపాకే గాలి మొత్తం తీయండి. ఒక్క జాకీని నమ్మొద్దు, స్టాండు పెట్టండి.

వాల్వ్ పిన్ విప్పేటప్పుడు ముఖం పక్కకు. లోపల గాలి మిగిలి ఉంటే బుల్లెట్‌లా వస్తుంది.

వాల్వ్‌లోంచి పూసలు పోశాక పాత పిన్ మళ్లీ పెట్టొద్దు. జల్లెడ ఉన్న పిన్ వేయండి, లేకపోతే ఒక్క పూస ఇరుక్కున్నా రాత్రికి రాత్రే గాలి దిగుతుంది.

గాలి చూసేటప్పుడు వాల్వ్ పైకి ఉండాలి. ముందు ఒక్క విసురు గాలి లోపలికి కొట్టి, తర్వాత మీటరు పెట్టండి.

పంచర్ సీలెంట్ పోసిన టైరులో పూసలు వద్దు. వద్దంటే వద్దు.

బ్యాలెన్స్ కోసం రిమ్ముకు కొట్టిన పాత సీసం ముక్కలు తీసేయండి.

షాపులో మెషీన్ ఎక్కిస్తే లోపల పూసలున్నాయని చెప్పండి. చెప్పకపోతే మెషీన్ తిప్పిన ప్రతిసారీ ఒక్కో అంకె చూపిస్తుంది, వాళ్లు ముక్కల మీద ముక్కలు కొడతారు.

టైరు రిమ్ములో కూర్చోలేదని 40 పీఎస్ఐ దాటించొద్దు. స్ప్రే కొట్టి మంట పెట్టే వీడియో చూసి ఉంటారు. ఆ పని చేయొద్దు.

వేడి టైరులో గాలి తగ్గించొద్దు. తెల్లవారుజామున, చల్లగా ఉన్నప్పుడే కొలవండి.

పోశాక కూడా వణుకుతోందా? ఇంకో ప్యాకెట్ కొనకండి. వేగం తగ్గించి, బండి ఆపి, టైరు చూడండి. మళ్లీ చెబుతున్నాం, టైరు చూడండి.

నట్లు ఎదురెదురుగా బిగించండి, పక్కపక్కన కాదు. నూనె రాయొద్దు. 50 నుంచి 100 కి.మీ. తిరిగాక మరోసారి బిగువు చూడండి.