మాటల మూలాలు – 7వ పాఠం: కలెక్టరు

మోయడం అనే అర్థంగల 'పోర్టారె' అనే లాటిన్ క్రియను ఆధారం చేసుకుని గత పాఠంలో పోర్టరు, ఎక్స్‌పోర్టు, ఇంపోర్టు అనే మాటలను విడదీశాము. ఈసారి కలెక్టరు అనే మాటను తీసుకుందాము. సోమవారం పొద్దున్నే అర్జీ చేతపట్టుకుని అనంతపురం కలెక్టరాఫీసు ముందు నిలబడేవారికి అది పరాయి మాటగా తోచదు.

దీని మూలధాతువు 'లెగెరె'. ఏరడం దాని తొలి అర్థం. మన జిల్లాలో శనక్కాయ చెట్లు పెరికిన తరువాత, తెగి మట్టిలోనే మిగిలిపోయిన కాయలను ఆడవాళ్లు వంగి, వేళ్లతో మన్ను కెలికి, ఒక్కొక్కటే ఏరి ఒడిలో వేసుకుంటారు. ఆ వేళ్లు చేసే పనే లెగెరె. 'కూడా, ఒకచోటికి' అనే అర్థమిచ్చే 'కొమ్' అనే ఉపసర్గ దాని ముందు చేరినప్పుడు, పక్కనున్న లకారం వల్ల మకారం కూడా లకారమై 'కొల్లిగెరె' అవుతుంది. ఉత్, లాసం కలిసి ఉల్లాసం కావడం ఇటువంటిదే. ఏరి ఒకచోట చేర్చేవాడు కలెక్టరు.

చేర్చేది ఏమిటంటే, శిస్తు. 1772లో వారెన్ హేస్టింగ్స్ బెంగాల్‌లో ఈ పదవిని ఏర్పరచినది అందుకే. 1800లో నిజాం దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన తరువాత, థామస్ మన్రో 1807 వరకు ఇక్కడ ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉండి, పొలాలు కొలిపించి, ఏ రైతు ఎంత కట్టాలో నిర్ణయించాడు. ఈనాడు కరువు సాయానికీ పింఛనుకూ కలెక్టరు కార్యాలయానికే వెళ్తున్నాము గనుక, వసూలు అనే అర్థం మన చెవికి వినిపించడం లేదు.

నాకు అన్నిటికంటె ఇష్టమైనది ఈ ధాతువుకున్న రెండవ అర్థం: చదవడం. కంటితో అక్షరాలను ఒక్కొక్కటిగా ఏరుకుంటూ పోవడమే చదవడమని రోమనులు భావించారు. లెక్చరు, లెసను అనే మాటలు అక్కడినుండే పుట్టాయి. చొక్కా కాలరును మాత్రం ఈ గుంపులో చేర్చవద్దు. అది మెడ అనే అర్థంగల 'కొల్లుమ్' నుండి వచ్చింది.

అభ్యాసం: 'సె' అంటే వేరుగా, 'ఎ' అంటే బయటికి, 'నెగ్' అంటే కాదు. వీటి సాయంతో సెలెక్టు, ఎలెక్టు, నెగ్లెక్టు అనే మాటలను విడదీసి, ఒక్కొక్కదానికి తగిన తెలుగు క్రియను రాయండి. మొదటిదానికి ఏరుకొను అనే మాట సరిపోతుందో లేదో ముందుగా చూడండి.