సిస్ట్ తీసిన చార్ట్ చేతికొస్తే

మా నాన్న మెడ వెనక ఉన్న ఉండను ఇంట్లో ఏళ్ల తరబడి కొవ్వు గడ్డ అనే అనుకున్నాం. డాక్టర్ గారు దాని మధ్యలో ఉన్న నల్లటి చుక్క చూపించి, "ఇది పంక్టమ్ అమ్మా, కొవ్వు గడ్డకు ఉండదు" అన్నారు. కోసి తీస్తే లోపల తెల్లటి ముద్దలాంటి కెరటిన్, ముక్కు మూసుకునేంత వాసన. కొవ్వు కాదు, ఎపిడెర్మాయిడ్ సిస్ట్, అంటే చర్మం కింద సంచిలా ఏర్పడే గడ్డ.

అమెరికా డెర్మటాలజీ చార్టులు (చర్మ రోగుల వైద్య రికార్డులు) చదివి రోగానికీ, ఆపరేషన్‌కూ కోడ్ నంబర్లు వేసే మనకు ఈ తేడా చాలా ముఖ్యం. ఎపిడెర్మాయిడ్‌కు రోగం కోడ్ (ఐసీడీ-10) ఎల్72.0. తల మీద నున్నగా, పంక్టమ్ లేకుండా వచ్చేది చాలావరకు పైలార్ సిస్ట్, దానికి ఎల్72.11. లైపోమా, అంటే కొవ్వు గడ్డ అయితే కోడ్ పుస్తకంలో అసలు వేరే అధ్యాయం, డి17. డాక్టర్లు అలవాటుగా 'సెబేషియస్ సిస్ట్' అని రాస్తుంటారు. దానికి ఎల్72.3 ఉంది కానీ, పాథాలజీ రిపోర్ట్ చూడకుండా అది వేసేయకండి. చాలాసార్లు రిపోర్ట్‌లో ఎపిడెర్మాయిడ్ అనే ఉంటుంది. అలాగని, నోట్‌లో పంక్టమ్ అన్న మాట కనబడగానే మీరే రోగం పేరు తేల్చకూడదు. అది డాక్టర్ పని. అనుమానముంటే డాక్టర్‌కు క్వెరీ (ప్రశ్న) పెట్టండి. ఔట్‌పేషెంట్ చార్ట్‌లో 'ప్రాబబుల్' (బహుశా) అని ఉంటే దాన్ని ఖాయమైన రోగంగా కోడ్ చేయొద్దు.

ఇక సైజు. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో నేను దెబ్బతిన్నది ఇక్కడే. వీపు మీద 1.8 సెంటీమీటర్ల సిస్ట్, చుట్టూ 0.2 మార్జిన్ (సిస్ట్‌తో పాటు అదనంగా కోసిన అంచు). నేను 1.8 చూసి ఆపరేషన్ కోడ్ (సీపీటీ) 11402 వేశాను. ఆడిటర్ చార్ట్ తిప్పి పంపారు. మార్జిన్ రెండు వైపులా కలపాలి: 1.8, 0.2, 0.2 కలిపితే 2.2. కోడ్ 11403. ఆ రాత్రంతా టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. అప్పటినుంచి ప్రతి చార్ట్‌కూ కాగితం మీద కూడిక వేసుకుంటాను. ఆ కొలత ఆపరేషన్ నోట్ నుంచే తీసుకోవాలి. ఫార్మలిన్‌లో ముక్క ముడుచుకుంటుంది కాబట్టి పాథాలజీ రిపోర్ట్‌లో ఉన్న సైజు పనికిరాదు.

అదే 2.2 మెడ మీదైతే 11423, ముఖం మీదైతే 11443. మామూలు కుట్లు ఇందులోనే కలిసిపోతాయి. పొరలు పొరలుగా కుట్టినట్టు రాసి ఉంటే ఇంటర్మీడియట్ రిపేర్ కోడ్ విడిగా చూడాలి. సిస్ట్ చీము పట్టి, కోసి చీము మాత్రమే తీసి సంచిని లోపలే వదిలేస్తే అది ఎక్సిషన్ (గడ్డను కోసి తీసేయడం) కాదు, 10060.

పాథాలజీ రిపోర్ట్ ఇంకా రాకపోతే చార్ట్ హోల్డ్‌లో పెట్టండి, టార్గెట్ తగ్గినా సరే. రిపోర్ట్‌లో క్యాన్సర్ అని వస్తే రోగం కోడే కాదు, ఎక్సిషన్ కోడ్ కూడా 11600 వరుసకు మారిపోతుంది.