క్రేఫిష్ గుర్తుపట్టడం - 4వ పాఠం: రంగు మాట కాసేపు మరిచిపోండి

క్రేఫిష్ అంటే పీతలా డెక్కలుండే, రొయ్యలాంటి మంచినీటి జీవి. దాని జాతుల్ని గుర్తుపట్టడంలో పోయిన పాఠంలో తొందరపడ్డాను. సిగ్నల్ క్రేఫిష్‌కి డెక్క కీలు మీద తెల్లగానో లేత నీలిపచ్చగానో మచ్చ ఉంటుందని ఒక్క ముక్కలో చెప్పి ముందుకు పోయాను. ఇంకేముంది, మచ్చ కనబడితే సిగ్నల్, కనబడకపోతే నోబుల్ అనే ఇంకో జాతి అని రాసి పంపారు చాలామంది. అందుకే ఈరోజు చెబుదామనుకున్న ఎర్ర చిత్తడి క్రేఫిష్ వచ్చే పాఠానికి.

మచ్చ అబద్ధం కాదు. కానీ బురద పడితే మాయమవుతుంది, పాచి పట్టితే మాయమవుతుంది, కొన్నింటికి పుట్టుకతోనే వెలిసినట్టుంటుంది. డెక్క తిరగేసి ఎరుపు చూశామన్నారు కొందరు. సిగ్నల్‌కీ ఎరుపే, నోబుల్‌కీ ఎరుపే! తేల్చేది రంగు కాదు, పెంకు తీరు.

తలకీ వీపుకీ మధ్య అడ్డంగా గాడి ఉంటుంది కదా, దాని వెనకే, పక్కవైపున గోటితో నెమ్మదిగా రాయండి. సిగ్నల్‌కి నున్నగా జారిపోతుంది. నోబుల్‌కీ, తెల్లడెక్కల క్రేఫిష్‌కీ చిన్న మొనలు గోటికి తగులుతాయి. ఈ రెండింటినీ విడదీయడానికి కంటి వెనక గట్లు చూడాలి: నోబుల్‌కి రెండు జతలు, తెల్లడెక్కలదానికి ఒకటే. నేనైతే ముందు గాడి తడిమాకే కళ్లజోడు పెట్టుకుంటాను.

ఒకరు పంపిన ఫొటోలో ఒక డెక్క సన్నగా, పొడుగ్గా ఉంది. సన్నడెక్కల క్రేఫిష్ అనే మరో జాతి అని రాశారు. రెండో డెక్క చూడలేదు, అది వెడల్పుగా బలంగా ఉంది! ఊడిన డెక్క కుబుసం విడిచినప్పుడల్లా కొంచెం కొంచెంగా మళ్లీ పెరుగుతుంది, చాన్నాళ్లు సన్నగానే ఉంటుంది. అది సిగ్నలే.

ఇంత పట్టింపు ఎందుకంటే, సిగ్నల్ ఉత్తర అమెరికాది. క్రేఫిష్ ప్లేగు కలిగించే బూజులాంటి జీవిని మోస్తూ కూడా తను బతికేస్తుంది. అదే జీవి సోకితే యూరప్ సొంత జాతులైన నోబుల్, తెల్లడెక్కలవి కుప్పకూలిపోతాయి. ఒక చెరువులో వాడిన వల తడితడిగా మరో చెరువులో వేయకండి. బ్రిటన్‌లో తెల్లడెక్కలదాన్ని లైసెన్సు లేకుండా పట్టుకోకూడదు కూడా, కాబట్టి అక్కడివాళ్లు గోటి పరీక్ష ఫొటోలోనే కళ్లతో చేయాలి.

అభ్యాసం: ఇరవై ఫొటోలు తీసుకుని అన్నింటినీ నలుపు తెలుపులోకి మార్చండి. ఒక్కోదానికి జాతి పేరు, పక్కనే ఏ గుర్తు చూసి రాశారో రాయండి. తలకీ వీపుకీ మధ్య గాడి కనబడని ఫొటోకి ‘తేల్చలేను’ అనే రాయాలి. ఊహించి సరిగ్గా రాసినా మార్కు ఇవ్వను.