బొరోదిన్‌ని వినడం ఎక్కడ మొదలుపెట్టాలి

వెస్టర్న్ క్లాసికల్ వినాలని ఉంది కానీ పది నిమిషాలకే ఏది ఎటు పోతోందో తెలియక ఆపేస్తున్నాం అనేవాళ్లకి నేను మొజార్ట్‌ని చెప్పను, రష్యన్ స్వరకర్త అలెగ్జాండర్ బొరోదిన్‌ని చెప్తాను. ఆయన ట్యూన్లు హాయిగా కూనిరాగం తీసుకునేలా ఉంటాయి. మీరు జీడిమెట్లలోనో తార్నాకలోనో ల్యాబ్ కోటు వేసుకుని రోజంతా ఫ్లాస్కుల ముందు నిలబడేవాళ్లైతే ఇంకా మంచిది, ఎందుకంటే ఆయన అసలు ఉద్యోగం కెమిస్ట్రీ ప్రొఫెసర్.

1833లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఒక జార్జియా రాజవంశీకుడికి పెళ్లి కాని సంబంధంలో పుట్టాడు, రికార్డుల్లో మాత్రం నౌకరు కొడుకని రాయించారు. బొరోదిన్ అనేది ఆ నౌకరు ఇంటిపేరే. మెడిసిన్ చదివి కెమిస్ట్రీలోకి వెళ్లాడు. డిగ్రీ కెమిస్ట్రీలో ఆల్డాల్ రియాక్షన్ (రెండు ఆల్డిహైడ్ అణువులు కలిసే చర్య) బట్టీ పట్టారు కదా, 1872లో దాన్ని ఫ్రాన్స్‌లో వుర్ట్జ్ అనే కెమిస్టు, రష్యాలో ఈయన ఎవరికి వారే కనిపెట్టారు. ఇక సంగీతానికి మిగిలింది సెలవులూ, జ్వరం వచ్చిన రోజులూ. ఒంట్లో బాగోకపోతేనే ఇంట్లో కూర్చుని రాస్తాను కాబట్టి సంగీతం స్నేహితులు నాకు జబ్బు చేయాలని కోరుకుంటారని ఒక ఉత్తరంలో జోక్ చేశాడు. అందుకే రాసింది తక్కువ, మనకి టెన్షన్ లేదు.

మొదట 'మధ్య ఆసియా మైదానాల్లో' (1880) వినండి. ఏడెనిమిది నిమిషాలు, అంతే. మెట్రోలో మాత్రం వద్దు. వయొలిన్లు పైస్థాయిలో ఒకే స్వరం పట్టుకుని చాలా మెల్లగా మొదలవుతుంది, అమీర్‌పేట్ స్టేషన్ గోలలో అది వినపడనే వినపడదు. రాత్రి ఇంట్లో, ఫ్యాన్ ఆపి, హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. ముందు క్లారినెట్ మీద రష్యన్ పాట వస్తుంది, కాసేపటికి ఇంగ్లిష్ హార్న్ (మన సన్నాయిలా ఊదే వాయిద్యం) మీద తూర్పుదేశపు పాట వస్తుంది, మధ్యలో తీగలు మీటుతుంటే వినిపించేది గుర్రాల, ఒంటెల నడక. రష్యన్ సైనికుల కాపలాలో బిడారు ఒకటి ఎడారి దాటడమే కథ. జార్ రెండో అలెగ్జాండర్ పాలనకి పాతికేళ్లయిన సందర్భంగా రాసింది కాబట్టి కాస్త సర్కారీ వాసన ఉంటుంది, అది మీకు నచ్చకపోయినా తప్పులేదు.

అసలు పని చివర్లో ఉంది. ఆ రెండు పాటలూ ఒకేసారి మోగుతాయి. మన కచేరీలో పక్కన వయొలిన్ గాయకుడి వెంట నడుస్తుంది కాబట్టి చెవికి ఒక్క దారి చాలు, ఇక్కడ ఎవరి దారి వాళ్లది. అందుకే ఆ చోటు ఒకసారి వినేటప్పుడు రష్యన్ పాటనే పట్టుకోండి, వెనక్కి జరిపి ఈసారి రెండోదాన్ని పట్టుకోండి, మూడోసారి దేన్నీ పట్టుకోకుండా వదిలేయండి. ఈ అలవాటు ఒక్కటి వస్తే చాలావరకు దారిలో పడ్డట్టే, మిగతా థియరీ అంతా తర్వాత చూసుకోవచ్చు.

తర్వాత రెండో స్ట్రింగ్ క్వార్టెట్ (1881), అంటే రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక సెల్లో కలిసి వాయించేది, అందులో మూడో భాగం 'నాక్టర్న్'. భార్య ఎకతెరీనాకి అంకితమిచ్చాడు, ఆమె పియానిస్టు, హైడెల్‌బర్గ్‌లో పరిచయం. ట్యూన్ ముందు సెల్లో (వయొలిన్ కంటే పెద్దది, గొంతు కింది స్థాయిది) పాడుతుంది (ఆయన వాయించేది కూడా సెల్లోనే), తర్వాత వయొలిన్ అందుకుంటుంది, ఆపైన ఒకటి పూర్తికాకముందే ఇంకొకటి అదే పాట ఎత్తుకుంటుంది. పైన చెప్పిన కసరత్తు ఇక్కడా చేయండి.

మూడోది 'ప్రిన్స్ ఇగోర్' ఒపేరాలోని (ఒపేరా అంటే పాటలతో నడిచే నాటకం) పోలోవ్‌ట్సియన్ నృత్యాలు, అంటే పోలోవ్‌ట్సీ అనే సంచార జాతివాళ్ల నృత్యాలు. కోరస్ ఉన్న రికార్డింగే వెతకండి, ఉత్త ఆర్కెస్ట్రాతో సగం మజా పోతుంది. ఒపేరా మొత్తం జోలికి ఇప్పుడే పోకండి. 1869లో మొదలుపెట్టి 1887లో ఒక వేషాల పార్టీలో కుప్పకూలి చనిపోయేదాకా తెమల్చలేదు, రిమ్‌స్కీ-కోర్సకోవ్, గ్లజునోవ్ అనే తోటి స్వరకర్తలు కలిసి పూర్తిచేస్తే 1890లో స్టేజీ ఎక్కింది. నా లెక్కలో పాటలు బంగారం, కథ అతుకులబొంత.

సిటీలో లైవ్‌గా వినాలంటే బంజారాహిల్స్‌లో గోథే జెంత్రమ్ (జర్మన్ సాంస్కృతిక కేంద్రం) లాంటి చోట్ల అప్పుడప్పుడు వెస్టర్న్ సంగీతం పెడుతుంటారు, క్వార్టెట్ అని కనిపిస్తే వెళ్లండి. ఈలోగా రెండో సింఫనీ మిగిలింది. దాని మొదటి వరసే తీగ వాయిద్యాలన్నీ కలిసి మీదపడినట్టు ఉంటుంది, కాబట్టి దీనికి హెడ్‌ఫోన్స్ తీసేసి స్పీకర్లు పెట్టండి, పక్క ఫ్లాట్‌వాళ్లకి ముందే చెప్పి.