ప్రాజెక్ట్ రిపోర్టు రాయడం: నాకు పనిచేసిన పద్ధతి

సబ్జెక్టు బాగానే వచ్చు, కానీ రిపోర్టు రాసిస్తే గైడ్ సార్ ప్రతి పేజీ పక్కనా ప్రశ్నార్థకం పెట్టేవారు. వైవాలోనూ, అంటే నోటి పరీక్షలోనూ, అదే తడబాటు. ఇంగ్లిష్ పదాల పట్టికలు, గ్రామర్ యాప్‌లు, సీనియర్ల పాత రిపోర్టులు, ఏవీ పనిచేయలేదు.

పనిచేసింది ఇది. ముందు మా సివిల్ ఇంజినీరింగ్ ప్రాజెక్టు గురించి కంప్యూటర్స్ చదివే రూమ్మేట్‌కి తెలుగులోనే చెబుతూ ఫోన్‌లో రికార్డు చేశాను. తర్వాత అది విని, వాడు "అయితే ఏంట్రా?" అని అడ్డు తగిలిన ప్రతిచోటా నేనిచ్చిన జవాబును కాగితం మీద రాసుకున్నాను. ఆ జవాబే పేరాకి మొదటి వాక్యం. అంతకుముందు నా పేరా సిమెంటు గ్రేడు, 150 మిల్లీమీటర్ల క్యూబులు, క్యూరింగ్ అంటూ సాగి, అసలు ఫలితం అడుగున ఎక్కడో ఉండేది. ఇప్పుడు "నీరు–సిమెంటు నిష్పత్తి పెరిగేకొద్దీ కాంక్రీటు బలం తగ్గింది" అని మొదలవుతుంది. 7, 28 రోజుల పరీక్షల అంకెలు ఆ తర్వాతే. ఇంగ్లిష్‌లోకి మార్చింది ఇదంతా అయ్యాక. చివరగా పైకి చదివి, ఊపిరి అందని చోట వాక్యాన్ని రెండుగా విరిచాను.

వైవాకి వేరే తయారీ పెద్దగా అక్కర్లేకపోయింది, ఆ మొదటి వాక్యాలే నోటికి వచ్చేశాయి. ల్యాబ్ ఫలితాలున్న అధ్యాయాలకు ఇది కుదిరింది, ఇదివరకటి పరిశోధనల్ని సమీక్షించే లిటరేచర్ రివ్యూకి మాత్రం అంతంతే. అందరికీ పనిచేస్తుందో లేదో చెప్పలేను. ఒకటి మాత్రం చూసుకోండి: వినేవాడు మీ బ్రాంచివాడే అయితే అడ్డు తగలడు, అన్నిటికీ తలూపేస్తాడు.