బాలింత జ్వరం: థర్మామీటర్ ఒక్కటే చాలదు, ఊపిరి లెక్కపెట్టండి

కాన్పయిన మూడో రోజు ఒళ్లు వెచ్చబడితే శ్రీకాకుళం, విజయనగరం ఊళ్లలో ముందుగా వినిపించే మాట "పాలు పడుతున్నాయిలే, అదే పోతుంది". ఒక్కోసారి నిజమే. రొమ్ములు గట్టిపడి వచ్చే నులివెచ్చదనం, బిడ్డ బాగా తాగితే ఒక రోజులో తగ్గుతుంది. కానీ వేడి 38 డిగ్రీలు (ఫారెన్‌హీట్‌లో 100.4) దాటినా, పళ్లు కొట్టుకునేలా చలి పుట్టినా అది పాల జ్వరమని ఊరుకోకూడదు. గర్భసంచిలోనో, కుట్లలోనో, మూత్రంలోనో, రొమ్ములోనో మొదలైన ఇన్‌ఫెక్షన్ అదుపు తప్పి కిడ్నీలు, ఊపిరితిత్తులు, మెదడు దాకా దెబ్బ తీస్తే అదే సెప్సిస్. గర్భిణికీ రావచ్చు, గర్భస్రావం తర్వాతా రావచ్చు, కాన్పయ్యాక 42 రోజుల దాకా ఈ లెక్కలోనే చూస్తారు.

థర్మామీటర్ మోసం చేస్తుంది. పారాసెటమాల్ వేసిన గంటకు 99 ఫారెన్‌హీట్ చూపిస్తుంది, లోపలి చీము అలాగే ఉంటుంది. సెప్సిస్ ముదిరితే వేడి 36 డిగ్రీల (ఫారెన్‌హీట్‌లో 96.8) కిందికి పడి చేతులు చల్లబడతాయి, ఇంట్లోవాళ్లు "జ్వరం దిగింది" అని ఊపిరి పీల్చుకుంటారు. అందుకే ఆమె ఊపిరి లెక్కపెట్టండి. నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకుని, చెప్పకుండా, పొట్ట పైభాగం లేచి పడడం నిండా ఒక నిమిషం గమనించాలి. చెబితే ఊపిరి తీరు మారిపోతుంది. పావు నిమిషం చూసి నాలుగుతో హెచ్చవేస్తే లెక్క తప్పుతుంది. 25కి చేరితే ప్రమాదం. నాడి 110 దాటినా, పై బీపీ 90 కన్నా తగ్గినా అంతే. మాట తడబడినా, మనుషుల్ని గుర్తుపట్టకపోయినా "సన్ని కమ్మింది", "గాలి సోకింది" అంటూ విభూతి పెట్టించడానికి తిప్పొద్దు. మెదడుకు రక్తం చాలనప్పుడు అలాగే ఉంటుంది. మూత్రం తగ్గడమూ ప్రమాద గుర్తే, కానీ పథ్యం పేరుతో బాలింతకు నీళ్లు తగ్గించే ఇళ్లలో మూత్రం ఎందుకు తగ్గిందో ఎవరికీ అనుమానం రాదు, అదొక చిక్కు.

కాన్పయ్యాక పోయే మైలకు నీచు వాసన మామూలే. కుళ్లు వాసన, చీము రంగు, పొత్తికడుపు నొక్కితే విపరీతమైన నొప్పి ఉంటే గర్భసంచిని అనుమానించాలి. గొంతునొప్పి తెచ్చే గ్రూప్ ఎ స్ట్రెప్టోకాకస్ మాత్రం వాసన లేకుండానే గంటల్లో ముంచేస్తుంది. ఇంట్లో ఎవరికైనా గొంతునొప్పి ఉంటే, ప్యాడ్ మార్చకముందూ మార్చాకా బాలింత చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయండి. ఊళ్లో సెలైన్ ఎక్కించుకుని రాత్రి గడపడం వల్లే ఎక్కువ నష్టం. ఆపరేషన్ థియేటర్, రక్తం ఉన్నచోటికి, అంటే శ్రీకాకుళం జీజీహెచ్‌కో (ప్రభుత్వ పెద్దాసుపత్రి), విజయనగరం ఘోష ఆసుపత్రికో నేరుగా వెళ్లడం మేలు. ఎంసీపీ కార్డు (గర్భిణికిచ్చే తల్లీబిడ్డల కార్డు), డిశ్చార్జ్ కాగితం, వేసిన మందుల కవర్లు వెంట ఉండాలి.

పీహెచ్‌సీ సిబ్బందికి ఒక మాట. ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం నూరు కిలోమీటర్లు దాటిన దారి. యాంటిబయాటిక్ మొదటి డోసు అక్కడికెళ్లాక కాదు, బండి ఎక్కించకముందే పడాలి. అనుమానం వచ్చిన గంటలోపు ఇది జరగాలి. వీలైతే ముందు రక్తం కల్చర్‌కు తీయండి, కానీ దానికోసం డోసు ఆపొద్దు. పెన్సిలిన్ పడని మనిషి కాదని అడిగి తెలుసుకుని యాంపిసిలిన్ 2 గ్రాములు, జెంటామైసిన్ కిలోకు 5 మిల్లీగ్రాములు, మెట్రోనిడజోల్ 500 మిల్లీగ్రాములు నరంలోకి ఇస్తారు. జెంటామైసిన్ కిడ్నీలకు భారం కాబట్టి, కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం మనిషైతే ఆ సంగతి తప్పక అడగాలి. కిడ్నీ జబ్బు ముందే తెలిస్తే డాక్టర్ జెంటామైసిన్ బదులు సెఫ్ట్రియాక్సోన్ ఎంచుకోవచ్చు. తెలియకపోతే మొదటి డోసు ఆపకుండా, రెండోదానికి ముందు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూస్తారు. గర్భంలో అది 0.8 లోపే ఉండాలి కాబట్టి ల్యాబ్ చీటీలో "నార్మల్" అని వచ్చే 1.1 కూడా ఆలోచించాల్సిందే. తెల్ల కణాలు కాన్పప్పుడు ఎలాగూ పెరుగుతాయి, ఆ ఒక్క అంకె చూసి తేల్చేయకండి.

బీపీ తగ్గితే రింగర్ లాక్టేట్ 500 మిల్లీలీటర్ల చొప్పున ఎక్కించి, ప్రతి బాటిల్ తర్వాత ఊపిరితిత్తులు విని, బీపీ చూసి ముందుకెళ్లాలి. 50 కిలోల మనిషికి మొదటి మూడు గంటల్లో మొత్తం దాదాపు 1500 మిల్లీలీటర్లు. గుర్రపువాతం (బీపీ పెరిగి ఫిట్స్ వచ్చే జబ్బు) ఉన్నవాళ్లకు అంత పోస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఆక్సిజన్ 94 శాతం పైన నిలపాలి. క్యాథెటర్ పెట్టి గంటకు ఎంత మూత్రం వస్తుందో రాయాలి, 50 కిలోల మనిషికి 25 మిల్లీలీటర్ల కన్నా తగ్గితే పైవాళ్లకు చెప్పాలి. అయిదో నెల దాటిన గర్భిణిని ఎడమవైపు ఒరిగించి పడుకోబెట్టండి.

సీతంపేట ఏజెన్సీ నుంచి వచ్చినవాళ్లకు మలేరియా పరీక్ష చేయాల్సిందే, కానీ పాజిటివ్ వచ్చిందని అక్కడితో ఆగిపోవద్దు. రెండూ కలిసి ఉండొచ్చు.

యాంటిబయాటిక్‌కు రెండు రోజుల్లో జ్వరం లొంగకపోతే లోపల మాయ ముక్కో, చీము గడ్డో మిగిలిందని వెతకాలి. స్కాన్ తీసి, ఉన్నదాన్ని తీసేయందే మందు మార్చినా ఫలితం తక్కువ. రొమ్ము వాచినా, గడ్డకట్టినా పాలు ఆపకూడదు, నిలిచిన పాలు వాపును పెంచుతాయి. బిడ్డ తాగలేకపోతే పిండి తీయాలి. తల్లికి సెప్సిస్ అనుమానం వస్తే బిడ్డనూ అదే రోజు పిల్లల డాక్టర్‌కు చూపించాలి. తల్లి రక్తంలోకి పాకిన క్రిమి బిడ్డకూ అంటి ఉండొచ్చు, పసిగుడ్డుకు జ్వరం రాకుండానే పాలు మానేయడమొక్కటే గుర్తు కావచ్చు.