మట్టి టెస్టు కార్డు చెప్పని సంగతులు: గాజు సీసా, పైపు ముక్కతో ఇంట్లోనే చూసుకోండి

సాయిల్ హెల్త్ కార్డు చేతిలో పట్టుకుని "అన్నీ బాగానే ఉన్నాయంటున్నారు, మరి చేను ఎందుకు ఎర్రబడుతోంది" అని అడిగేవాళ్ళు ప్రతి సీజన్‌లో ఎవరో ఒకరు తగులుతారు. 2015లో మొదలైన ఆ కార్డులో 12 అంశాలుంటాయి, నత్రజని భాస్వరం పొటాష్ దగ్గర్నుంచి జింకు బోరాన్ దాకా, పీహెచ్, లవణాలు, సేంద్రియ కర్బనం, అన్నీ అవసరమే, కాదనను. కానీ వాన పడితే నేల ఎంతసేపట్లో తాగుతుంది, వేరు ఎంత లోతు దిగుతుంది, లోపల గాలి ఆడుతుందా లేదా అనేది అందులో ఒక్క ముక్క కూడా ఉండదు. అది మనం చేత్తో చూసుకోవాల్సిందే, ఖర్చు కూడా ఏమీ లేదు.

ముందు గడ్డపలుగు తీసుకుని అడుగున్నర లోతు గుంట తవ్వండి. గట్టు పక్కన వద్దు, చెట్టు నీడన వద్దు, పెంటకుప్ప వేసిన చోట అసలే వద్దు. పై ఆరంగుళాల మట్టి ఒక కవర్లో, దాని కింద మట్టి ఇంకో కవర్లో వేయండి. రెండూ కలిపేస్తే చూసేదేం ఉండదు.

టెక్స్చర్ – ముందు వేళ్ళతో

ఇది ఇసుక, ఒండ్రు, బంకమన్ను ఏ పాళ్ళలో ఉన్నాయనే లెక్క. 2 మిల్లీమీటర్ల నుంచి 0.05 దాకా ఇసుక, అక్కడ్నుంచి 0.002 దాకా ఒండ్రు, అంతకంటే సన్నంది బంకమన్ను. గుప్పెడు మట్టిలో రాళ్ళు ఏరేసి, నీళ్ళు చిలకరించి చపాతీ పిండిలా పిసకండి. వేళ్ళ మధ్య రవ్వలా గరగరలాడితే ఇసుక, పౌడర్ రాసుకున్నట్టు జారితే ఒండ్రు, వేళ్ళకి అంటుకుని వదలకపోతే బంక. ఇప్పుడు ఆ ముద్దని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కుతూ రిబ్బన్‌లా పైకి తోయండి. అంగుళం లోపే తెగిపోతే ఇసుక పాలు ఎక్కువున్న తేలిక నేల, రెండంగుళాల దాకా వస్తే మధ్యరకం, రెండు దాటి వేలాడుతుంటే బరువు నేల. మా ఎర్ర చెల్క మట్టి ముప్పావు అంగుళానికే తెగుతుంది, మా అత్తగారి ఊళ్ళో నల్లరేగడి అయితే మూడంగుళాలు సాగి వేలి చుట్టూ ఉంగరంలా తిరిగింది, మా పిల్లలు దాంతో గాజులు కూడా చేశారు.

అంకెలు కావాలంటే సీసా పద్ధతి. మూత గట్టిగా ఉండే పచ్చడి సీసాలో మూడో వంతు దాకా పొడి చేసిన మట్టి, మెడ దాకా నీళ్ళు, చెంచాడు బట్టల సోడా వేసి పది నిమిషాలు చెయ్యి నొప్పి పుట్టేదాకా ఊపండి. ఉప్పు మాత్రం వేయకండి, ఉప్పేస్తే బంక కణాలన్నీ ఉండకట్టి ఒండ్రుతో పాటే అడుక్కి దిగిపోతాయి, లెక్క తప్పుతుంది. కదపకుండా పెట్టి, నిమిషానికి అడుగున పేరుకున్నది ఇసుక, అక్కడ మార్కర్‌తో గీత. రెండు గంటలకి ఇంకో గీత, అది ఒండ్రు. పైది బంక, అది దిగాలంటే ఒక రోజు పడుతుంది, నల్లరేగడిదైతే రెండు మూడు రోజులైనా పైన నీళ్ళు టీ రంగులోనే ఉంటాయి, ఓపిక పట్టండి. మొత్తం 12 సెంటీమీటర్లలో ఇసుక 3, ఒండ్రు 3, బంక 6 వచ్చిందంటే 25, 25, 50 శాతం అన్నమాట. బంక పొర నీళ్ళు తాగి ఉబ్బి ఉంటుంది కాబట్టి దాన్ని కాస్త తగ్గించే చదువుకోండి.

ఈ పాళ్ళు మనం మార్చేవి కావు. "బరువు నేల కదా, ఇసుక తోలిస్తే సరి" అంటారు కొందరు. ఎకరంలో పై ఆరంగుళాల మట్టే ఎనిమిది వందల టన్నుల దాకా తూగుతుంది, అందులో ఇసుక 25 నుంచి 35 శాతానికి తేవాలంటే వంద టన్నులకు పైనే పోయాలి. ఎన్ని ట్రాలీలో మీరే వేసుకోండి. చెల్కలకి చెరువు పూడిక మట్టి తోలడం వేరే సంగతి, బంక కొంచెం కలిసినా తేమ పట్టుకోవడంలో తేడా తెలుస్తుంది. మిషన్ కాకతీయ అప్పుడు ట్రాక్టర్లు క్యూ కట్టింది అందుకే.

స్ట్రక్చర్ – పాడయ్యేది ఇదే

అవే కణాలు ఒకదానికొకటి అతుక్కుని ఎలా ఉండలు కట్టాయి అనేది స్ట్రక్చర్. గుంట అంచు నుంచి పార లోతు మట్టిపెళ్ళ తీసి నడుం ఎత్తు నుంచి గట్టి నేల మీద వదలండి. శనగల్లా, బఠాణీల్లా పొలపొలా రాలిపోతే నేల గుల్లగా ఉన్నట్టు. పెద్ద పెద్ద పెళ్ళలుగా విరిగి, విరిగిన ముఖం నున్నగా ఉంటే లోపల బిగిసిపోయినట్టు. ఆరంగుళాల కింద పలుగు ఒక్కసారిగా ఠంగుమని ఆగి, అక్కడ వేర్లు పక్కకి తిరిగి ఉంటే అది ఏళ్ళ తరబడి ఒకే లోతు దున్నిన చోట కట్టిన గట్టి పొర. వరి మళ్ళలో దమ్ము చేసి మనమే ఆ పొర కట్టిస్తాం, వరికి నీళ్ళు నిలవాలి కాబట్టి అది మంచిదే, తర్వాత మొక్కజొన్న వేసినప్పుడు మాత్రం తిప్పలు మొదలవుతాయి.

ఇంకోటి. ఉసిరికాయంత ఎండిన మట్టి గడ్డని గ్లాసు నీళ్ళలో మెల్లగా వదిలి కదపకుండా చూడండి. నిమిషంలోనే కరిగి కుప్పపడితే ఆ నేల మొదటి వానకే పైన పెచ్చు కడుతుంది, మొలక బయటికి రాలేదు. గడ్డ చుట్టూ పాలు ఒలికినట్టు తెల్లగా మబ్బు కమ్మితే చౌడు లక్షణం, అప్పుడు పీహెచ్ చూపించి జిప్సం సంగతి అడగండి.

నేను చేసిన ఘనకార్యం ఒకటి చెప్తా. వాన వెలిసిన మర్నాడే రోటవేటర్ దొరికింది, ఇవాళ కాకపోతే వారం దాకా ఖాళీ లేదన్నాడని అత్తగారి నల్లరేగడిలో పదును (దున్నడానికి తగినంత తడి) చూడకుండా దింపేశా, పైకి బాగానే కనపడింది, నాలుగు రోజుల ఎండకి బెడ్డలు ఇటుకల్లా తయారై, పత్తి గింజ బెడ్డకీ బెడ్డకీ మధ్య సందులో పడి సగం కూడా మొలవలేదు. మామయ్య ఏమీ అనలేదు, బెడ్డ ఒకటి తెచ్చి అరుగు మీద పెట్టారు అంతే. అప్పట్నుంచి దుక్కి లోతు మట్టి తీసి అరచేతిలో తాడులా పాముతా, అగ్గిపుల్లకంటే కొంచెం లావుగా విరక్కుండా సాగితే ట్రాక్టర్ వెనక్కి, విరిగి పొడిపొడి అయితేనే పదును.

ఖాళీలు – పైపు ముక్క లెక్క

మంచి నేలలో సగం ఖాళీయే, ఆ ఖాళీలో సగం నీళ్ళు, సగం గాలి ఉంటే వేరుకి హాయి. బంక నేలలో ఖాళీలు తక్కువ అనుకుంటాం గానీ మొత్తం కలిపితే ఇసుక నేలకంటే అందులోనే ఎక్కువ. కాకపోతే ఇసుకవి బోరు పైపులు, బంకవి సెలైన్ గొట్టాలు, ఒకదాంట్లో నీళ్ళు ఆగవు, రెండో దాంట్లో కదలవు.

లోపల 10 సెంటీమీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న పీవీసీ పైపు ముక్క తీసుకుని, పైన చెక్క పెట్టి సుత్తితో కొడుతూ నేల మట్టానికి దించండి. నేల తడిగా ఉన్నప్పుడే చేయండి. చుట్టూ తవ్వి బయటికి తీసి, అడుగు చాకుతో కోసి, ఆ మట్టి మొత్తం పెనం మీద తేమ పూర్తిగా పోయేదాకా వేయించి తూచండి (ల్యాబ్‌లో 105 డిగ్రీల్లో ఎండబెడతారు). ఆ పైపులో పట్టేది 785 ఘనపు సెంటీమీటర్లు. మట్టి 1,217 గ్రాములు తూగితే ఘనపు సెంటీమీటరుకి 1.55 గ్రాములు. మట్టి కణం సాంద్రత సుమారు 2.65, కాబట్టి 1.55ని దాంతో భాగిస్తే 58 శాతం మట్టి, మిగతా 42 శాతం ఖాళీ. చెల్కకి 1.55 ఫరవాలేదు, ఇసుక నేలల్లో 1.8 దాటితేనే వేర్లు ఆగిపోతాయి, అదే బంక నేలలో 1.47 దాటితే ఆగిపోతాయి. అందుకే టెక్స్చర్ తెలియకుండా ఈ అంకె ఒక్కటే పట్టుకుని కంగారు పడొద్దు.

ఆఖర్న ఇంకుడు. అరడుగు వెడల్పు పైపుని రెండంగుళాలు దించి, అంగుళం ఎత్తు నీళ్ళు పోసి టైం పెట్టండి. మొదటిసారి వచ్చిన టైం వదిలేయండి, ఎండిన రేగడిలో నీళ్ళు నెర్రెల్లోంచి గటగటా దిగిపోయి మనల్ని మోసం చేస్తాయి. రెండో అంగుళం పోసినప్పుడు పట్టే టైమే అసలుది. ఇసుక నేల గంటకి 30 మిల్లీమీటర్ల పైనే తాగుతుంది, బరువు నేల 1 నుంచి 5.

తక్కువ వస్తే ఏం చేయాలంటే, గట్టి పొర ఉంటే వేసవిలో నేల బాగా ఎండినప్పుడు ఒకసారి ఆ పొరని చీల్చే లోతు నాగలి, అదే సబ్‌సాయిలర్ (తడిలో తిప్పితే డబ్బు దండగ), ఏటా పశువుల ఎరువు, జనుమో జీలుగో వేసి పూతకి ముందు కలియదున్నడం, పత్తి కట్టె తగలబెట్టకుండా ముక్కలు చేసి చేలోనే వదలడం. ఒక్క ఏడాదికే అంకె మారదు. పైపు దించిన చోట గట్టు మీద రాయికి సున్నం పూయండి, వచ్చే ఏడు అదే నెలలో అదే చోట మళ్ళీ దించాలి కదా.